ల్యాప్‌టాప్ కీబోర్డు రంగు దీపాలకు లినక్స్ డ్రైవర్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రిపని (ప్రశ్న)

నా ల్యాప్‌టాప్ కీబోర్డు కింద ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలుగా రంగు దీపాలున్నాయి. విండోస్‌లో తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాముతో ఒక్కో భాగానికి ఒక్కో రంగు పెట్టుకోవచ్చు. లినక్స్‌లో మాత్రం ఎఫ్‌ఎన్ మీటతో కాంతి పెరగడం, తగ్గడం తప్ప రంగు మార్చే దారి ఏదీ కనబడడం లేదు.

ఇప్పటివరకు నేను చూసినవి ఇవి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్, అంటే లినక్స్ మూల భాగం, పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు) లెడ్స్ ఫోల్డరు తెరిస్తే క్యాప్స్‌లాక్, నమ్‌లాక్, వైఫై దీపాలు మాత్రమే ఉన్నాయి. కేబీడీ_బ్యాక్‌లైట్ అనే పేరుతో ఏమీ లేదు. యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ జాబితాలో కెమెరా, బ్లూటూత్ ఉన్నాయే తప్ప కీబోర్డు లేదు. ఇన్‌పుట్ పరికరాల జాబితాలో కీబోర్డు పేరు ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2’ అని వస్తోంది.

వెతగ్గా వెతగ్గా ఒక చిన్న ప్రోగ్రాము దొరికింది. అది ఎంబెడెడ్ కంట్రోలర్‌లోని కొన్ని అడ్రసులలో నేరుగా బైట్లు రాసి రంగు మారుస్తుందట. నా మోడల్‌కు దగ్గరి మోడల్ మీద పనిచేసిందని రాశారు కానీ, నడపడానికి ధైర్యం చాలలేదు. నాకు సీ భాష బాగానే వచ్చు. సాధన కోసం ఒకటి రెండు చిన్న కెర్నల్ మాడ్యూళ్లు (కెర్నల్‌లోకి చేర్చే కోడ్ ముక్కలు) రాశాను. అసలు ఈ దీపాలు ఏ దారిలో మాట వింటాయో ఎలా కనిపెట్టాలి? కనిపెట్టాక దానిని డ్రైవర్‌గానే రాయాలా, లేక మామూలు ప్రోగ్రాముగా రాస్తే సరిపోతుందా?

పాతకెర్నల్

రాత్రిపని గారూ, ఆ ప్రోగ్రామును నడపకపోవడమే మీరు చేసిన మొదటి మంచి పని. ఎంబెడెడ్ కంట్రోలర్, అంటే ఈసీ, కీబోర్డు దీపాలను మాత్రమే చూసుకునే చిప్ కాదు. ఫ్యాను వేగం, బ్యాటరీ ఛార్జింగ్, పవర్ మీట అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. ఒక బోర్డులో ఎరుపు రంగు విలువ ఉన్న అడ్రసులో, పక్క మోడల్ బోర్డులో ఫ్యాను హద్దు ఉండవచ్చు. కెర్నల్‌లోని ఈసీ_సిస్ మాడ్యూలు మామూలుగా చదవడానికి మాత్రమే అనుమతించి, రాయడాన్ని ప్రత్యేకంగా అడిగితే తప్ప తెరవకపోవడానికి కారణం ఇదే.

రంగు దీపాలను నడిపే దారులు ప్రధానంగా రెండు. మొదటిది యూఎస్‌బీ: దీపాల కంట్రోలర్ లోపల ఒక యూఎస్‌బీ హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌసు వంటివాటి ప్రమాణం) పరికరంగా కూర్చుని, ఫీచర్ రిపోర్టులనే చిన్న డేటా మూటల ద్వారా రంగులు తీసుకుంటుంది. ఐటీఈ సంస్థ చిప్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. అటువంటిది ఉంటే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 048డీ అనే తయారీదారు సంఖ్యతో కనబడుతుంది. మీ జాబితాలో అది లేదు, కీబోర్డు కూడా పాత పీఎస్2 పద్ధతిలోనే ఉంది. కాబట్టి మీది రెండో దారి, అంటే డబ్ల్యూఎంఐ (బయోస్‌లోని పనులను సిస్టమ్ నుంచి పిలిచే ఏర్పాటు), అయ్యే అవకాశం ఎక్కువ. ఇందులో విండోస్ ప్రోగ్రాము ఈసీని తాకదు. బయోస్‌లో రాసి ఉన్న ఒక ఏసీపీఐ మెథడ్‌ను (హార్డ్‌వేర్‌ను నడపడానికి బయోస్ ఇచ్చే ఫంక్షన్‌ను) పిలుస్తుంది, ఈసీలో ఏ బైటు ఎక్కడ రాయాలో ఆ మెథడే చూసుకుంటుంది. మనం పట్టుకోవలసినది ఆ మెథడ్‌నే.

ముందుగా సిస్‌ఎఫ్‌ఎస్‌లో బస్ కింద డబ్ల్యూఎంఐ పరికరాల ఫోల్డరు చూడండి. అక్కడ పొడవాటి జీయూఐడీ (గుర్తింపు సంఖ్య) పేర్లతో కొన్ని ఫోల్డర్లుంటాయి. వాటిలో దేనికి డ్రైవర్ లింకు ఉందో, దేనికి లేదో రాసుకోండి; లింకు లేనివాటిలోనే మీరు వెతికేది ఉండవచ్చు. తర్వాత ఏసీపీఐడంప్‌తో బయోస్ ఇచ్చే ఏసీపీఐ పట్టికలన్నీ తీసి, ఏసీపీఐఎక్స్‌ట్రాక్ట్‌తో విడదీసి, వాటిలో మెథడ్‌లుండే డీఎస్‌డీటీని, ఎస్‌ఎస్‌డీటీలను ఐఏఎస్‌ఎల్‌తో చదవగలిగే రూపంలోకి మార్చండి. అందులో పీఎన్‌పీ0సీ14 అని వెతికితే డబ్ల్యూఎంఐ పరికరం దొరుకుతుంది. దాని లోపల _డబ్ల్యూడీజీ అనే బఫరు ఉంటుంది.

ఆ బఫరును 20 బైట్ల ముక్కలుగా కోసి చదవాలి. ఒక్కో ముక్కలో మొదటి 16 బైట్లు జీయూఐడీ. ఆ తర్వాతి రెండు బైట్లు మెథడ్‌కు రెండక్షరాల గుర్తు గానీ, ఈవెంట్ అయితే నోటిఫై సంఖ్య గానీ అవుతాయి. పంతొమ్మిదో బైటు ఎన్ని ప్రతులున్నాయో చెబుతుంది, ఇరవయ్యోది ఫ్లాగులు. ఫ్లాగుల్లో 2 ఉంటే మెథడ్, 8 ఉంటే ఈవెంట్. రెండక్షరాలు ‘బీబీ’ అయితే మీరు వెతకవలసిన మెథడ్ పేరు డబ్ల్యూఎంబీబీ. జీయూఐడీ పోల్చేటప్పుడు చాలామంది ఒకచోట తడబడతారు: మొదటి మూడు భాగాల బైట్లు బఫరులో తిరగబడి ఉంటాయి, చివరి రెండు భాగాలు ఉన్న వరుసలోనే ఉంటాయి. నేను మొదటిసారి ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా ‘నా జీయూఐడీ ఈ పట్టికలోనే లేదు’ అనుకుంటూ కూర్చున్నాను.

ఆ మెథడ్‌కు మూడు ఆర్గ్యుమెంట్లుంటాయి: ఎన్నో ప్రతి అనే సంఖ్య, మెథడ్ సంఖ్య, డేటా. రెండో ఆర్గ్యుమెంటును బట్టి లోపల పెద్ద స్విచ్ లాంటి నిర్మాణం కనబడుతుంది. అందులో మూడు బైట్లను విడదీసి ఈసీ ఫీల్డులలో పెడుతున్న శాఖ ఎక్కడైనా ఉందేమో చూడండి. బయోస్‌లో బీఎంఓఎఫ్ వివరణ (డబ్ల్యూఎంఐ మెథడ్‌ల గురించి చెప్పే డేటా) ఉంటే పని ఇంకా సులువు. డబ్ల్యూఎంఐ-బీఎంఓఎఫ్ డ్రైవర్ ఇచ్చే ఫైలును బీఎంఎఫ్‌డెక్‌తో విప్పితే మెథడ్‌ల అసలు పేర్లే దొరకవచ్చు.

మీటనొక్కు

పాతకెర్నల్ గారు చెప్పిన దారి సరైనదే. కానీ డ్రైవరా, మామూలు ప్రోగ్రామా అన్న రెండో ప్రశ్నకు నా అభిప్రాయం కొంచెం వేరు. దీపాలు యూఎస్‌బీ మీద ఉంటే నేను కెర్నల్ జోలికి వెళ్లమని చెప్పను. హెచ్‌ఐడీరా (హెచ్‌ఐడీ పరికరంతో నేరుగా మాట్లాడే ఫైలు) ద్వారా రిపోర్టులు పంపే ప్రోగ్రాము రాసుకోవచ్చు, లేదా రంగు దీపాలను నడిపే ఓపెన్‌ఆర్‌జీబీ ప్రోగ్రాములో మీ పరికరాన్ని చేర్చవచ్చు; తప్పు జరిగినా ప్రోగ్రాము ఆగిపోతుందే తప్ప యంత్రం ఆగదు. డబ్ల్యూఎంఐ విషయంలో ఆ సౌకర్యం లేదు. ఏసీపీఐ మెథడ్‌ను పిలిచే పని కెర్నల్‌దే. ఏసీపీఐ_కాల్ అనే బయటి మాడ్యూలు ఏ మెథడ్‌నైనా బయటి నుంచి పిలిచే వీలు కల్పిస్తుంది. ప్రయోగానికి అది బాగానే పనికివస్తుంది కానీ, రోజువారీ వాడకానికి దానిని యంత్రంలో ఉంచడం ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం వంటిది.

ప్రతి మీటకు విడివిడి రంగు ఉన్న కీబోర్డుల సంగతి మళ్లీ వేరు. నూరు మీటలకు నూరు లెడ్ పరికరాలు సృష్టిస్తే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో ఫైలులో రాస్తూ పోవడానికే సమయం చాలదు, రంగుల కదలికలు సాఫీగా రావు. అందుకని అటువంటి వాటికి హెచ్‌ఐడీ ప్రమాణంలోని ల్యాంప్‌అర్రే (దీపాలన్నిటినీ ఒకే పరికరంగా చూసే) పద్ధతి వైపు మొగ్గు కనబడుతోంది. లైటింగ్ అండ్ ఇల్యూమినేషన్ పేరుతో అందులో హెక్సా 59వ పేజీ ఉంది, విండోస్ 11లోని డైనమిక్ లైటింగ్ కూడా దాని మీదే నడుస్తుంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లు అమ్మే టక్సిడో సంస్థ తన యంత్రాల కోసం కెర్నల్‌లో చేసినది కూడా ఇదే తరహా పని: లోపల డబ్ల్యూఎంఐ, బయటికి మాత్రం ల్యాంప్‌అర్రేలా కనబడే ఒక హెచ్‌ఐడీ పరికరం. మీకున్నవి మూడు భాగాలే కాబట్టి ఇంత అవసరం లేదు.

రాత్రిపని

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు రాత్రులు కూర్చుంటే తలుపు దొరికింది. గుర్తు ‘బీబీ’యే, మెథడ్ డబ్ల్యూఎంబీబీయే. లోపల హెక్సా 67 అనే శాఖ ఉంది. డేటాలోని పై నాలుగు బిట్లను చూసి అది ఏ భాగమో తేల్చుకుని, కింది మూడు బైట్లను ఈసీ ఫీల్డులలో పెడుతోంది. ఏసీపీఐ_కాల్‌తో ఎడమ భాగానికి ఎఫ్‌ఎఫ్0000 పంపాను. ఎరుపు వస్తుందనుకుంటే నీలం వచ్చింది! 00ఎఫ్‌ఎఫ్00 పంపితే ఎరుపు, 0000ఎఫ్‌ఎఫ్ పంపితే ఆకుపచ్చ. అంటే ఇక్కడి వరుస నీలం, ఎరుపు, ఆకుపచ్చ అన్నమాట.

ఆ ఉత్సాహంలో ఒక మాడ్యూలు రాసి, ‘కలర్’ అనే సొంత సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలు, కాంతికి లెడ్ క్లాసు (దీపాల కోసం కెర్నల్‌లో ఉన్న ఏర్పాటు) పెట్టాను. ఫైలులో రాస్తే రంగు మారుతోంది. అయితే మూడు చిక్కులు వచ్చాయి. సరదాకి హార్ట్‌బీట్ ట్రిగ్గర్ (దీపాన్ని గుండె చప్పుడులా వెలిగించి ఆర్పేది) తగిలిస్తే కెర్నల్ లాగ్ అంతా ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అంటూ నిండిపోయింది. ల్యాప్‌టాప్ నిద్రపోయి లేస్తే మూడు భాగాలూ తెల్లగా అయిపోతున్నాయి. ఎఫ్‌ఎన్ మీటతో కాంతి మారిస్తే డెస్క్‌టాప్‌లోని స్లైడరుకు ఆ సంగతి తెలియడం లేదు.

పాతకెర్నల్

నీలం, ఎరుపు, ఆకుపచ్చ వరుస కొత్తేమీ కాదు. ఈ రకం బోర్డుల మీద ఇది నేను ఇంతకుముందూ చూశాను. మీ మూడు చిక్కులకు ముందు, మీరు అడగని ఒక మాట చెప్పాలి. దయచేసి ఆ ‘కలర్’ ఫైలును తీసివేయండి. రంగు లెడ్‌ల కోసం మల్టీకలర్ క్లాసు 2020లో 5.9 కెర్నల్‌తోనే వచ్చింది. అంతకుముందు రాసిన డ్రైవర్లలో ఒక్కొక్కరు ఒక్కో సొంత ఫైలు పెట్టుకున్నారు. వాటిని వాడుకునే ప్రోగ్రాములు ఇప్పటికీ ఏ యంత్రానికి ఏ ఫైలు, అందులో రంగు ఏ రూపంలో రాయాలి అని విడివిడిగా గుర్తుపెట్టుకోవలసి వస్తోంది. ఒకసారి బయటికి ఇచ్చిన సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలును వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు కాబట్టి, తప్పును ఇప్పుడే దిద్దుకోవడం మేలు.

మల్టీకలర్ క్లాసులో ప్రతి భాగమూ ఒక లెడ్ పరికరం అవుతుంది. మామూలు బ్రైట్‌నెస్ ఫైలుకు తోడు మల్టీ_ఇండెక్స్, మల్టీ_ఇంటెన్సిటీ అనే రెండు ఫైళ్లు వస్తాయి. మొదటిది రంగుల వరుస చెబుతుంది, రెండోదాంట్లో ఆ వరుసలో విలువలు రాయాలి. మీ బోర్డులోని వింత వరుస బయటికి కనబడనక్కరలేదు: సబ్‌లెడ్ (ఒక్కో రంగు) సమాచారంలో రంగు గుర్తుతోపాటు ఛానెల్ అనే అంకె కూడా ఉంటుంది, ఆ రంగు డేటాలో ఎన్నో బైటుకు వెళ్లాలో అందులో పెట్టుకోండి. వాడేవారికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే కనబడుతుంది. తిప్పివేయడం డ్రైవర్ లోపలే జరిగిపోతుంది.

కాంతికి, రంగుకు ఉన్న లెక్క కూడా చూడండి. నారింజ రంగు కోసం ఇంటెన్సిటీ 255, 80, 0 అని రాసి, గరిష్ఠం 255 ఉన్నచోట బ్రైట్‌నెస్ 128 పెట్టారనుకుందాం. కాంతిని ఒక్కో ఇంటెన్సిటీతో గుణించి గరిష్ఠంతో భాగిస్తే 128, 40, 0 వస్తాయి. హార్డ్‌వేర్‌కు వెళ్లవలసినవి ఇవే. లెడ్_ఎంసీ_కాల్క్_కలర్_కాంపోనెంట్స్ అనే ఫంక్షన్ ఈ పని చేసిపెడుతుంది, మీరు మళ్లీ రాయకండి. బ్రైట్‌నెస్ సున్నాగా ఉన్నప్పుడు రంగు రాసి ‘ఏమీ వెలగలేదే’ అని కంగారుపడవద్దు. దేన్ని సున్నాతో గుణించినా సున్నాయే కదా.

ఇక మొదటి చిక్కు. మీరు కాంతి మార్చడానికి బ్రైట్‌నెస్_సెట్ అనే ఫంక్షన్ ఇచ్చి ఉంటారు. ట్రిగ్గర్లు టైమర్ నుంచి పిలుస్తాయి, అక్కడ నిద్రపోకూడదు, అంటే ఆగి ఎదురుచూడకూడదు. ఏసీపీఐ పిలుపు మాత్రం నిద్రపోవచ్చు. ఫైలులో చేత్తో రాసినప్పుడు ఈ తప్పు బయటపడదు, అందుకే మీకు హార్ట్‌బీట్ పెట్టేదాకా కనబడలేదు. బ్రైట్‌నెస్_సెట్_బ్లాకింగ్‌కు మార్చండి, అప్పుడు ఆ పనిని లెడ్ వ్యవస్థే నిద్రపోయినా ఫరవాలేని వర్క్‌క్యూకు అప్పగిస్తుంది. మూడు భాగాలు ఒకే మెథడ్‌ను పిలుస్తాయి కాబట్టి ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరినే లోపలికి పంపే తాళం) కూడా పెట్టండి.

రెండో చిక్కుకు ఎల్‌ఈడీ_కోర్_సస్పెండ్‌రెజ్యూమ్ ఫ్లాగు చాలు. నిద్రకు ముందు సున్నా పంపి, లేచాక పాత కాంతితో మీ ఫంక్షన్‌ను మళ్లీ పిలుస్తుంది. అప్పుడు రంగులు కూడా తిరిగి రాయబడతాయి. మూడోదానికి ఎఫ్‌ఎన్ మీట నొక్కినప్పుడు డబ్ల్యూఎంఐ ఈవెంట్ వస్తోందో లేదో చూడాలి. వస్తే ఆ ఈవెంట్‌లో లెడ్_క్లాస్‌డెవ్_నోటిఫై_బ్రైట్‌నెస్_హెచ్‌డబ్ల్యూ_ఛేంజ్డ్‌ను పిలవండి. అందుకు ఎల్‌ఈడీ_బ్రైట్_హెచ్‌డబ్ల్యూ_ఛేంజ్డ్ ఫ్లాగు కూడా ఉండాలి. డెస్క్‌టాప్‌కు కాంతి సంగతి చెప్పే యూపవర్ వంటివి ఆ ఫ్లాగు వల్ల వచ్చే బ్రైట్‌నెస్_హెచ్‌డబ్ల్యూ_ఛేంజ్డ్ ఫైలునే గమనిస్తుంటాయి.

ఒక హెచ్చరిక. జీయూఐడీ కలిసింది కదా అని డ్రైవర్‌ను దానంతట అదే లోడయ్యేలా చేయవద్దు. మైక్రోసాఫ్ట్ తన నమూనా కోడ్‌లో ఇచ్చిన జీయూఐడీలనే కొందరు తయారీదారులు ఉన్నవి ఉన్నట్టుగా దించుకున్నారు. ఒకే జీయూఐడీ వెనుక ఒక యంత్రంలో దీపాలు, ఇంకో యంత్రంలో పూర్తిగా వేరే పని ఉండవచ్చు. డీఎంఐలోని (బయోస్ ఇచ్చే యంత్రం వివరాల్లోని) బోర్డు పేరు కూడా సరిచూసి, మీరు పరీక్షించిన మోడల్ మీద మాత్రమే ముందుకు వెళ్లండి.

ఒంటరి_బిట్

పేర్ల గురించి ఒక చిన్న మాట చేర్చుతాను. కీబోర్డు మొత్తానికి ఒకే రంగయితే ఆర్‌జీబీ:కేబీడీ_బ్యాక్‌లైట్ అని పెట్టడం వాడుక. మూడు భాగాలున్నప్పుడు కేబీడీ_జోన్డ్_బ్యాక్‌లైట్ తర్వాత గీత పెట్టి లెఫ్ట్, మిడిల్, రైట్ అని పెట్టండి. ఒకే బ్యాక్‌లైట్ ఉంటుందని నమ్మే పాత ప్రోగ్రాములు మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేయకుండా ఉండడానికి ఈ వేరు పేరు పనికివస్తుంది.

యంత్రం ఆపి మళ్లీ వేస్తే రంగు గుర్తుండదు. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ దాచిపెట్టేది కాంతిని మాత్రమే, రంగును కాదు. డ్రైవర్‌లో రంగులు దాచాలని చూడకండి, అది కెర్నల్ పని కాదు. పరికరం పుట్టగానే మల్టీ_ఇంటెన్సిటీలో విలువలు రాసే ఒక్క వరుస యూడెవ్ రూలు చాలు.

ప్రధాన కెర్నల్‌కు పంపేముందు కొన్నాళ్లు డీకేఎంఎస్‌తో నడపండి. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూలు దానంతట అదే మళ్లీ తయారవుతుంది. సెక్యూర్ బూట్ వేసి ఉంటే మాడ్యూలుకు సంతకం చేసి, ఆ తాళంచెవిని మోక్‌యుటిల్‌తో నమోదు చేయాలి, లేకపోతే లోడు కాదు. పంపేటప్పుడు తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ చెప్పినవన్నీ సరిచేసి, గెట్_మెయింటెయినర్ ఇచ్చిన చిరునామాలకు, సైన్డ్-ఆఫ్-బై (రాసినవారి సంతకం) వరుసతో, మామూలు అక్షరాల మెయిలుగా పంపండి. కొత్తగా రాసేవారి ప్యాచ్ (పంపే మార్పుల కట్ట) మొదటి రూపంలోనే చేరిపోవడం అరుదు. నాది ఐదో రూపంలో చేరింది. అందులో రెండు రూపాలు నేను ఒకే ప్యాచ్‌లో శుభ్రపరిచే మార్పులనూ, కొత్త పనినీ కలిపేసినందుకే తిరిగి వచ్చాయి. పాత జీయూఐడీ ఆధారిత ఫంక్షన్‌తో రాశారేమో కూడా చూసుకోండి. ఇప్పుడు డబ్ల్యూఎంఐ డ్రైవర్ నిర్మాణంతో, డబ్ల్యూఎంఐడెవ్_ఎవాల్యుయేట్_మెథడ్ వాడి రాయమని అడుగుతారు.

రాత్రిపని

‘కలర్’ ఫైలు తీసివేశాను. మూడు మల్టీకలర్ పరికరాలు వచ్చాయి, హార్ట్‌బీట్ పెట్టినా లాగ్ నిశ్శబ్దంగా ఉంది. ఎఫ్‌ఎన్ మీటకు ఈవెంట్ వస్తోంది కానీ, దానిలో కొత్త కాంతి విలువ లేదు. అందుకని ఈవెంట్ రాగానే కాంతి చెప్పే శాఖను పిలిచి, వచ్చిన విలువను పంపిస్తున్నాను. స్లైడరు ఇప్పుడు కదులుతోంది. ఏసీపీఐ_కాల్‌ను కూడా తీసేశాను.

ఒక్కటే మిగిలింది. నిద్ర నుంచి లేచేటప్పుడు కీబోర్డు అర సెకను పాటు తెల్లగా మెరిసి, ఆ తర్వాతే నా రంగుల్లోకి వస్తోంది. నేనేమైనా ఆలస్యంగా రాస్తున్నానా?

పాతకెర్నల్

మీ తప్పు కాదు. ఆ తెలుపు ఈసీ తనంతట తాను పెట్టుకునే మొదటి రంగు. మూత తీయగానే అది దీపాలు వెలిగిస్తుంది, కెర్నల్ లేచి మీ ఫంక్షన్‌ను పిలిచేసరికి ఆ కాస్త సమయం గడిచిపోతుంది. డ్రైవర్ నుంచి దీనిని ఆపే వీలు లేదు. విండోస్‌లో లేచేటప్పుడు ఒకసారి గమనించండి, అక్కడా మెరుస్తుందనే అనుకుంటున్నాను. ప్యాచ్ వివరణలో ఈ సంగతి ఒక వాక్యంలో రాసిపెట్టండి, పరిశీలించేవారు మళ్లీ ఇదే ప్రశ్న అడగకుండా ఉంటారు.

రాత్రిపని

ఇప్పుడే చూశాను. విండోస్‌లోనూ మెరుస్తోంది. వివరణలో ఆ వాక్యం చేర్చి, ఈ రాత్రి మొదటి రూపం పంపుతున్నాను.